నలభై ప్రార్థనల ఉడుకు

జూన్ 4

అక్కా,

నువ్వూ, బావగారూ, ఆయన మోకాళ్ళూ కులాసా అని తలుస్తాను. నేను ఉద్యోగంలో చేరి తొమ్మిది రోజులైంది. ఇంకా ఎవరూ పొమ్మనలేదు. ఇది రాసి దాచుకోదగ్గ సంగతి. సినిమా హాల్లో విరామం గంట పావుగంట ముందే కొట్టానని పంపేశారు. లాడ్జిలో ఆరో గది అంకె తలకిందులు చేసి తొమ్మిది చేశానని పంపేశారు. ఆ లెక్కన ఈ ఆసుపత్రివాళ్ళకి ఓర్పు ఎక్కువే.

నా పని గురించి చెప్తాను విను. ఆసుపత్రి కింద, నేలలోకి దిగి ఉన్న పెద్ద గదిలో బట్టలుతుకుతాం. మామూలు బట్టలకి రెండు మిషన్లున్నాయి. ఆపరేషన్ గది దుప్పట్లకి మాత్రం మనిషి లోతున ఓ గంగాళం ఉంది, దానిలోకి ఆవిరి గొట్టం. చక్రం తిప్పితే బుసకొడుతూ ఆవిరి వస్తుంది, నీళ్ళు మరుగుతాయి. ఆ గంగాళానికి నేనే రాజుని. గోడ మీద ఎర్ర అక్షరాలతో బోర్డు: నీళ్ళు మరగడం మొదలయ్యాక ఇరవై నిమిషాలు. నాతోపాటు ఇస్త్రీ చేసే పెద్దావిడ ఒకావిడ ఉంది. ఆవిణ్ణి అందరూ ఇస్త్రీ అత్త అంటారు. మా మీద సూపర్‌వైజరు. ఆయనకి నేను పెట్టిన పేరు తొందరయ్య. ఎందుకో తర్వాత రాస్తాను.

ఇక నీ షరతు. "రోజూ నాన్న నేర్పిన ప్రార్థన చెయ్యి, అప్పుడే మా ఆడపడుచుతో చెప్పి పని ఇప్పిస్తా" అన్నావు కదా. చేస్తున్నాను. ఒక్కసారి కాదక్కా, పూటకి నలభై సార్లు. రోజుకి నాలుగు పూటలు. ఎనిమిదో తరగతి తప్పినవాణ్ణి, అయినా గుణించి చూశాను. నూట అరవై.

లెక్క తప్పకుండా రోగుల చొక్కాల నుంచి ఊడిన గుండీలు నలభై ఏరి, ఒక డబ్బాలోంచి ఇంకో డబ్బాలో వేస్తుంటాను. నమ్మకపోతే పై వార్డులో పనిచేసే నీ ఆడపడుచుని అడుగు.

నీ తుంటరి తమ్ముడు


జూన్ 12

ఒరేయ్ తమ్ముడూ,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నాలుగోసారి అక్షరాలు కనపడలేదు, కళ్ళు నిండిపోయి. నూట అరవై సార్లా! నేను పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చేస్తాను, అదే గొప్ప అనుకుంటున్నాను ఇన్నాళ్ళూ.

ఎన్నిసార్లు చెప్పానురా నీకు, మనిషి గుణం ఒక్కరోజులో కట్టే గోడ కాదని. రోజుకో ఇటుక. మంచం దిగగానే పక్క సర్దుకోవడం ఒక ఇటుక. ఇచ్చిన మాట ప్రకారం వేళకి వెళ్ళడం ఒక ఇటుక. ప్రార్థన ఇటుకల మధ్య వేసే సున్నం. అది లేకపోతే ఇటుకలు ఇటుకలుగానే ఉంటాయి. నాన్న పోయినప్పటి నుంచి నీ చెవిలో ఊదుతూనే ఉన్నాను, ఇన్నాళ్ళకి ఎక్కింది.

ఆదివారం ప్రార్థన మందిరంలో లేచి నిలబడి అందరి ముందూ చెప్పేశాను. "ఏనాడూ కుదురుగా కూర్చోని నా తమ్ముడు ఆవిరి పొగల మధ్య నిలబడి రోజుకి నూట అరవై సార్లు దేవుణ్ణి తలుస్తున్నాడు, గుండీలతో లెక్కపెట్టుకుంటున్నాడు" అన్నాను. ఆడవాళ్ళు కళ్ళొత్తుకున్నారు. మందిరం పెద్దాయన నిన్ను ఒకసారి వచ్చి నాలుగు మాటలు చెప్పమన్నారు.

మీ బావ మాత్రం, "మీవాడు ఏదో కొలుస్తున్నాడే, భక్తుడు అంత కచ్చితంగా నలభై అనడు" అన్నారు. ముప్పై ఏళ్ళు తూనికల ఆఫీసులో చేస్తే ఇంతే, దేవుణ్ణి కూడా తక్కెడలో పెడతారు. నువ్వేమీ అనుకోకు.

అల్లరి మానెయ్. ఆ పెద్దమనిషికి పేర్లు పెట్టడం కూడా.

నీ అక్క


జూన్ 19

అక్కా,

బావగారి కాళ్ళకి ఇక్కడి నుంచే దండం. ఆయన తక్కెడ తప్పు చూపదు.

నువ్వు మందిరంలో చెప్పేస్తావని కలగనలేదు. నాకు రెండు రోజులు నవ్వొచ్చింది, మూడో రోజు భయమేసింది. నిజం చెప్పేస్తాను. ఇక్కడ గోడ గడియారం ఆవిరి తగిలి ఎప్పుడో చచ్చింది. కొత్తది ఇమ్మని మూడు కాగితాలు పెట్టాను, మూడూ తొందరయ్య సొరుగులో నిద్రపోతున్నాయి. చేతి గడియారం పెట్టుకొస్తే నాలుగోనాటికి అద్దం లోపల మబ్బు పట్టి ఆగింది. మరి ఇరవై నిమిషాలు ఎలా తెలియాలి? ఆరోజే తొందరయ్య గడియారం అడిగి ఎదురుగా పెట్టుకుని నాన్న ప్రార్థన చదివాను. నాన్న చదివినట్టే, పదకొండు వాక్యాలూ, వాక్యానికీ వాక్యానికీ మధ్య ఊపిరి తీసుకుంటూ. సరిగ్గా అర నిమిషం. నలభై సార్లు అయితే ఇరవై నిమిషాలు. అదీ సంగతి. భక్తి కాదక్కా, దుప్పట్లు.

ముందు పెదాలతో గొణిగేవాణ్ణి. ఇప్పుడు గొంతెత్తి చదువుతున్నాను, ఎందుకంటే ఇస్త్రీ అత్త "ఏంటయ్యా ఆ గొణుగుడు, తిడుతున్నావా?" అని అడిగింది. చెప్పాను. "అయితే నాకూ వినపడేట్టు చదువు, ఇస్త్రీ ఊరికే సాగడం లేదు" అంది. ఇప్పుడు చివరి రెండు వాక్యాలు ఆవిడే అందుకుంటుంది.

తొందరయ్యకి ఇదంతా గిట్టదు. మెట్లు దిగుతూనే "అయిందా? అయిందా?" ఆయన అన్నం తినేటప్పుడు కూడా "అయిందా" అని నోటినే అడుగుతాడు. నిన్న ఆయన కుర్చీ మీద "రంగు ఆరలేదు" అని కాగితం అంటించాను. రోజంతా నిలబడే తిరిగాడు. అల్లరి ఒక్కసారిగా మానెయ్యమంటే ఎలా, మెల్లగా తగ్గించాలి కదా.

మందిరం పెద్దాయనకి నా తరఫున ఏం చెప్తావో నీ ఇష్టం.

తమ్ముడు


జూన్ 27

నీకు,

తమ్ముడూ అని రాయడానికి చెయ్యి రాలేదు.

నాన్న పోయే రోజు కూడా వదలని ప్రార్థనరా అది! దాన్ని తీసుకెళ్ళి బట్టలు ఉడకబెట్టడానికి వాడావా? దేవుడి పేరుని గడియారం ముల్లు చేశావా? పైగా "భక్తి కాదక్కా, దుప్పట్లు" అని వెటకారం. ఇరవైమంది ముందు నిలబడి నీ గురించి ఏడ్చాను. వాళ్ళ మొహాలు ఇప్పుడెలా చూడను? కుక్క తోక వంకర అని ఊరికే అన్నారా.

ప్రార్థన అంటే చేతులు కట్టుకుని, కళ్ళు మూసుకుని, వేరే ధ్యాస లేకుండా చేసేది. ఒక కన్ను గంగాళం మీద, ఒక కన్ను గుండీల మీద పెట్టి చేసేది కాదు.

మా ఆడపడుచు కూడా రాసింది. నీ వల్ల దుప్పట్లు ఆలస్యంగా వస్తున్నాయట, సూపర్‌వైజరు గారు విసుక్కుంటున్నారట. నిన్ను చేర్పించినందుకు ఆవిడకి తలవంపులు.

దీనితోపాటు పార్సిలు వస్తుంది. మీ బావ అలారం గడియారం. ఆవిరి తగలకుండా మూత గట్టిగా పట్టే గాజు సీసాలో పెట్టి ఆయనే కట్టారు. ఇక నుంచి దాన్ని చూసి ఉడకబెట్టు. ఆ ప్రార్థన అక్కడ నీ నోట రాకూడదు. వస్తే నాకు తమ్ముడు లేడు.

అక్క


జూలై 9

అక్కా,

తమ్ముడు ఉన్నా లేకపోయినా ఈ ఉత్తరం చదువు. చించెయ్యాలనిపిస్తే చదివాక చించు.

గడియారం చేరింది. దిట్టమైన గడియారం. నువ్వు చెప్పినట్టే ప్రార్థన ఆపేశాను. ఇస్త్రీ అత్త "ఏమయ్యా, దేవుడితో మాటల్లేవా?" అంది. "మా అక్క వద్దంది" అన్నాను. మొదటి నాలుగు రోజులు అలారం మోగేదాకా ఆగాను. అయిదో రోజు నాకు బయటికి పోయి చుట్ట కాల్చుకోవాలనిపించింది. సీసా మూత తీశాను. ముల్లు ఎనిమిది నిమిషాలు ముందుకి తిప్పాను. మూత పెట్టాను. అలారం మోగింది. చక్రం కట్టేశాను. దుప్పట్లు తెల్లగానే ఉన్నాయి. పన్నెండు నిమిషాలు ఉడికినవీ, ఇరవై ఉడికినవీ చూడ్డానికి ఒకటే తెలుపక్కా. వాసన కూడా ఒకటే. ఆపరేషన్ గదికి పోయాయి.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి నువ్వన్నట్టే చేతులు కట్టుకుని, కళ్ళు మూసుకుని కూర్చున్నాను. ఏడో వాక్యం దగ్గర ఆగిపోయాను. "చూసేవాళ్ళు లేనప్పుడు నన్ను చూస్తూ ఉండు." మూడుసార్లు మొదటి నుంచి అందుకున్నాను, మూడుసార్లూ ఆ మాట దగ్గరే కళ్ళు తెరిచేశాను. గడియారం ముల్లుని తిప్పగలిగాను. ఆ వాక్యాన్ని దాటలేకపోయాను.

అసలు తప్పు ఇంకా చెప్పలేదు. ఆరోజు తొందరగా అయిపోయిందని తొందరయ్య చూశాడు. మర్నాడు ఈల వేసుకుంటూ దిగాడు. "నిన్న పన్నెండు నిమిషాల్లో దించావుగా, ఎవరికీ ఏమీ కాలేదుగా, ఇక పది చాలు" అన్నాడు. రిజిస్టరులో మాత్రం ఇరవై అని రాసి సంతకం చెయ్యాలట.

చెయ్యనన్నాను. "నిన్న తప్పు నాది. ఇవాళ నుంచి ఇరవై" అన్నాను. "నీ బతుక్కి నీతులా? రంగు ఆరలేదని కాగితాలు అంటించేవాడివి నువ్వు!" అన్నాడు. తెలిసిపోయింది పాపం.

అందుకని గడియారం తిరిగి పంపిస్తున్నాను. నేను మళ్ళీ నాన్న ప్రార్థనే పెట్టుకున్నాను. నీకు కోపమైతే కోపం. గుణం రోజుకో ఇటుక అన్నావు. నా ఇటుకలు ఇవే, నాకు వేరేచోట దొరకవు. దేవుడికి నా గంగాళం దగ్గర నిలబడ్డం నామోషీ అయితే ఆయనే చెప్తాడు, మధ్యలో నువ్వెందుకు?

ఇంకో మాట. ఒకసారి నీ ప్రార్థన గడియారం ముందు పెట్టి చూసుకో. చిన్నప్పటి నుంచి నువ్వు రైలు అందుకోవాలన్నట్టు చదువుతావు.

అప్పటి తమ్ముడే


జూలై 11

ఒరేయ్,

నీ దగ్గర్నుంచి జవాబు లేదు. మా ఆడపడుచు మాత్రం ఫోను చేసి ఏడ్చింది. నువ్వు వార్డు వరండాలో అందరి ముందూ ఉతికిన దుప్పట్ల బండి లాక్కుని కిందకి పారిపోయావట. నలభై దుప్పట్లు మళ్ళీ నీళ్ళలో పారేశావట. ఆపరేషన్ గంట ఆలస్యమైందట. డాక్టర్లు తిట్టారట. ఇదేం తుంటరి పనిరా? రోగులతోనా నీ ఆటలు?

నేనింక ఊరుకోలేకపోయాను. ఆ సూపర్‌వైజరు గారికి నేనే ఉత్తరం రాశాను. "మా తమ్ముడు చిన్నప్పటి నుంచీ చిలిపివాడు. ఏ పనిలోనూ నిలవలేదు. అల్లరికి చేసిందే తప్ప దురుద్దేశం లేదు. పెద్దమనసుతో క్షమించి పనిలో ఉండనివ్వండి" అని బతిమాలుకున్నాను. ఆయన కాళ్ళు పట్టుకున్నంత పని చేశాను. ఈ ఉద్యోగం కూడా పోతే నిన్నెవడు పెట్టుకుంటాడు?

నువ్వూ వెళ్ళి తప్పయిందని చెప్పు. ఒక్కసారి నా మాట విను.

అక్క


జూలై 17

అక్కా,

నీ ఉత్తరం నాకంటే ముందు తొందరయ్య చదివాడు. నాకు తర్వాత వినిపించారు, పెద్దాఫీసరు గదిలో, అందరి ముందూ. "సొంత అక్కే రాసింది చూడండి" అని తొందరయ్య నీ చేతిరాత గాలిలో ఊపాడు. నువ్వు 'క్ష' రాసే తీరు నాకు ఆమడ దూరం నుంచి తెలుస్తుంది. తలెత్తలేకపోయాను.

జరిగింది ఇది. పదో తారీకున తొందరయ్య తనే చక్రం దగ్గర నిలబడి, చేతి గడియారం చూసి, పది నిమిషాలకి కట్టేశాడు. నాది పంతొమ్మిదో గుండీ. "ఇంకా ఇరవై ఒకటి ఉన్నాయి సార్" అన్నాను. "నీ గుండీలు నీ చొక్కాకి కుట్టుకో" అని దుప్పట్లు పైకి పంపించేశాడు. ఇస్త్రీ అత్త నా వంక చూసింది. ఇస్త్రీపెట్టె పక్కన పెట్టేసింది.

రెండేసి మెట్లు ఎక్కాను. ఆపరేషన్ గది తలుపు దగ్గర బండి అందింది. లాక్కొచ్చాను. గంగాళంలో వేశాను. నలభై పూర్తిచేశాను. అప్పుడు దించాను. పారిపోలేదక్కా. పారిపోయేవాడు కిందకి పోయి ఇరవై నిమిషాలు ఒకచోట నిలబడతాడా?

నీ ఆడపడుచు వరండాలో ఉంది. ఆవిడ చూసింది నిజమే. నవ్వుతూ కనిపించానేమో తెలీదు, నా మొహమే అంత.

ఇప్పుడు పెద్దాఫీసరు ఒక కాగితం తయారుచేయించాడు. "నేను సరదాకి చేసిన చిలిపి పని, క్షమించండి" అని దానిమీద సంతకం పెడితే ఉద్యోగం ఉంటుంది. పెట్టకపోతే పోతుంది. నీ ఉత్తరం దానికి జోడించారు.

చూశావా తమాషా. నలభై ఆరేళ్ళలో ఎన్ని అల్లరి పనులు చేశానో, ప్రతిదానికీ "నేను చెయ్యలేదు" అన్నాను. ఎవరూ నమ్మలేదు. మొదటిసారి అల్లరి కాని పని ఒకటి చేశాను. దాన్ని అల్లరే అని ఒప్పుకోమంటున్నారు, ఒప్పుకుంటే జీతమిస్తారట!

సంతకం పెట్టను. ఇరవై ఆరున మళ్ళీ రమ్మన్నారు. అప్పుడూ పెట్టను. నువ్వు ఇంకో ఉత్తరం రాస్తే రాసుకో, ఈసారి దాన్నీ నేనే చదివి వినిపిస్తాను.

నీ తమ్ముడు (నీకు ఇష్టం లేకపోయినా)


జూలై 22

తమ్ముడూ,

నీ తొమ్మిదో తారీకు ఉత్తరం గడియారంతోపాటు పార్సిల్లో పెట్టావు కదరా, అది అటూ ఇటూ తిరిగి పద్నాలుగున చేరింది. అప్పటికి నా ఉత్తరం పోస్టులో పడిపోయింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నాను.

గడియారం ముందు పెట్టి చూసుకో అన్నావుగా. నాకు ఒళ్ళు మండింది. వీడెవడు నాకు చెప్పడానికి అని వారం రోజులు చూడలేదు. నీ రెండో ఉత్తరం వచ్చాక, మీ బావని కూర్చోబెట్టి, "కొలవండి" అన్నాను. ఆయన పాత ఉద్యోగం గుర్తొచ్చి కళ్ళద్దాలు తుడుచుకుని మరీ కూర్చున్నారు. పదకొండు వాక్యాలు చదివాను. "పదమూడు సెకన్లు" అన్నారు. మళ్ళీ కొలవమన్నాను. "పన్నెండు. ఈసారి జాగ్రత్తగా చదివావు కాబట్టి ఇంకా తొందరగా అయింది" అన్నారు. ఆయన నవ్వలేదు. నవ్వి ఉంటే తిట్టేదాన్ని.

నా ప్రార్థన నీ గంగాళం దగ్గర పెడితే దుప్పట్లు సగం కూడా ఉడకవురా. నీ తొందరయ్య ఇచ్చిన పది నిమిషాలు కూడా నేనివ్వడం లేదు. ముప్పై ఏళ్ళుగా పొద్దునా సాయంత్రం దేవుణ్ణి "అయిందా, అయిందా" అంటున్నది నేను.

నువ్వు దేవుణ్ణి గడియారం చెయ్యలేదు. నిన్న ఏడో వాక్యం దగ్గర నేనూ ఆగాను. అలా ఒక వాక్యం ఉందని మొదటిసారి వినపడింది.

ఇక జరగాల్సింది. పెద్దాఫీసరుకి నేను ఇంకో ఉత్తరం రాశాను. వేడుకోలేదు. "ముందు రాసింది విన్న మాట పట్టుకుని, తొందరపడి రాసింది. మా తమ్ముడు చిలిపివాడే. ఈ పని చిలిపి కాదు. కావాలంటే ఆ దుప్పటి మీద మీరే పడుకునే ముందు ఎన్ని నిమిషాలు ఉడికిందో అడగండి" అని రాశాను. చివరి మాట మీ బావ కొట్టెయ్యమన్నారు. కొట్టెయ్యలేదు.

ఆదివారం మందిరంలో లేస్తాను. ముందు చెప్పింది సరిచెయ్యాలి, నీ సంగతీ, నా పన్నెండు సెకన్లూ. మా ఆడపడుచుతో కూడా మాట్లాడతాను.

సంతకం పెట్టకు. ఉద్యోగం ఉంటే ఉంటుంది, పోతే పోతుంది. నేనిది రాస్తానని నువ్వనుకోలేదు కదూ? నేనూ అనుకోలేదు.

నీ అక్క


జూలై 27

అక్కా,

నీ ఉత్తరం గదిలోకి నాకంటే ముందే వెళ్ళి కూర్చుంది. పెద్దాఫీసరు రెండూ పక్కపక్కన పెట్టి, "ఒకే చేతిరాత, రెండు రకాల మాటలు. ఏది నమ్మాలయ్యా?" అన్నాడు. "రెండోది సార్, అది మా అక్క నెమ్మదిగా రాసింది" అన్నాను. ఆయన పెదవి కొంచెం కదిలింది.

"గడియారం లేకుండా ఇరవై నిమిషాలు అని నువ్వెలా చెప్తావు?" అని అడిగాడు. చెప్పాను. గదిలో నవ్వారు. తొందరయ్య ఎక్కువ నవ్వాడు. "అయితే చదువు" అన్నాడు ఆఫీసరు, తన గడియారం తీసి బల్ల మీద పెట్టి.

మొదలుపెట్టాను. నాలుగో దానికి నవ్వులు ఆగాయి. తొమ్మిదో దానికి తొందరయ్య "చాలు సార్, తెలిసింది కదా" అన్నాడు. "కానివ్వండి" అన్నాడు ఆఫీసరు. ఇరవయ్యో దానికి తొందరయ్య లేచి కిటికీ దగ్గరికి పోయాడు, మళ్ళీ వచ్చి కూర్చున్నాడు, మళ్ళీ లేచాడు. సాక్ష్యానికి పిలిచిన ఇస్త్రీ అత్త చివరి రెండు వాక్యాలు అలవాటుగా అందుకుంది, ఎవరూ వద్దనలేదు. నలభై అయ్యేసరికి ఆఫీసరు గడియారం చూసి, "ఇరవై నిమిషాల ఏడు సెకన్లు" అన్నాడు. "ఆ ఏడూ దగ్గు సార్" అన్నాను.

అప్పుడు వేశాడక్కా అసలు గాలం. తొందరయ్యని బయటికి పంపి, మెత్తగా అన్నాడు. "నువ్వు చెప్పేది నిజమే అనుకుందాం. రేపటి నుంచి ఇరవై నిమిషాలే ఉడకాలని నేను ఆర్డరు వేస్తాను. గడియారం కొంటాను. నువ్వు మాత్రం చిలిపి అని సంతకం పెట్టు. ఆపరేషన్ గది దాకా ఉడకని దుప్పట్లు వచ్చాయని కాగితం మీద ఉంటే ఆసుపత్రి పేరు పోతుంది. నీకు కావలసింది దుప్పట్లు ఉడకడమే కదా?"

అబద్ధమాడను, పెన్ను చేతిలోకి తీసుకున్నాను. అడిగింది న్యాయంగానే అనిపించింది. దుప్పట్లు ఉడుకుతాయి, నా అన్నం ఉడుకుతుంది. నేనేమైనా మచ్చలేనివాణ్ణా, ఇంకో చిలిపి పని లెక్కలో చేరితే ఏం?

తర్వాత తోచింది. ఇవాళ నేను ఇది ఆట అని రాసిస్తే, రేపు ఆ చక్రం దగ్గర నిలబడి ఎవరైనా "ఇంకా అవలేదు" అంటే ఈ కాగితం తీసి చూపిస్తారు, వాడు కూడా ఆడుతున్నాడంటారు. నా చేత్తో నేనే వాడి నోరు కుట్టేసినట్టు.

ఆ కాగితం తిరగేసి వెనక రాశాను: "ఒక రోజు నేనే ముల్లు తిప్పి పన్నెండు నిమిషాలకి దించాను, అది నా తప్పు. పదో తారీకున ఉడకని దుప్పట్లు వెనక్కి తెచ్చి ఉడకబెట్టాను, అది నా పని. మళ్ళీ అలాగే వస్తే మళ్ళీ తెస్తాను." సంతకం పెట్టాను. ఇంత బాగా నా పేరు ఎప్పుడూ రాయలేదు.

ఉద్యోగం పోయింది. ముల్లు తిప్పానని నేనే ఒప్పుకున్నాను కాబట్టి ఆ కారణం మీదే తీసేశారు. కారణం మాత్రం నిజమైనదే, ఒప్పుకోవాలి.

తమ్ముడు


ఆగస్టు 3

తమ్ముడూ,

మందిరంలో లేచాను. నీ సంగతి చెప్పాను, నా పన్నెండు సెకన్లు చెప్పాను. ఒకావిడ "దేవుడి పేరుతో బట్టలు ఉతకడమేంటి, అపచారం" అంది. నెల క్రితం ఆ మాట అన్నది నేనే కాబట్టి ఆవిణ్ణి తప్పుపట్టలేదు. "ఏ మాటతో చెయ్యి తప్పు చెయ్యకుండా ఆగిందో ఆ మాట ప్రార్థనే" అని మాత్రం అన్నాను. పెద్దాయన తల దించుకుని కూర్చున్నారు. ఇకమీదట నన్ను ముందు వరసలో కూర్చోబెట్టరేమో. వెనక వరసలో గాలి బాగా వస్తుంది.

మా ఆడపడుచు ఫోను చేసింది. నీతో మాట్లాడడానికి మొహం చెల్లలేదట. నువ్వే పలకరించు.

ఏం తింటున్నావు? ఎక్కడుంటున్నావు? నిజం రాయి.

అక్క


ఆగస్టు 14

అక్కా,

ఐసు ఫ్యాక్టరీలో దిమ్మలు మోస్తున్నాను. ఉడికీ ఉడికీ చల్లబడ్డాను అనుకో. తిండికి లోటు లేదు. నా చరిత్ర ఇక్కడ ఎవరికీ తెలీదు కాబట్టి ఓ ఐసు దిమ్మలో చెప్పు పెట్టి గడ్డకట్టించాలని మనసు పీకుతోంది. ఆపుకుంటున్నాను, మెల్లగా.

పనికి వెళ్ళే దారి ఆసుపత్రి వెనక గేటు మీదుగానే. ఎదురుగా టీ కొట్టు బెంచీ మీద కూర్చుంటే మా గంగాళం ఆవిరి బయటికి వదిలే గొట్టం గోడ మీంచి కనిపిస్తుంది. నీళ్ళు మరగడం మొదలైతే గొట్టంలోంచి తెల్లగా ఎగదన్నుతుంది. చక్రం కట్టేస్తే తెగిపోతుంది.

మొదటిరోజు కూర్చుని చదివాను. ఇరవై రెండో దానికే ఆవిరి తెగింది. టీ గ్లాసు అక్కడే పెట్టి గేటు దగ్గరికి పోయి అరిచాను, "ఇంకా పద్దెనిమిది ఉన్నాయిరోయ్!" అని. కాపలావాడు తరిమాడు. రెండోరోజు ఇరవై. మళ్ళీ అరిచాను. మూడోరోజు కాపలావాడు నేను కనపడగానే లేచి నిలబడ్డాడు. నాలుగోరోజు అరవక ముందే కర్ర తీశాడు. అయినా అరిచాను.

ఈరోజు పొద్దున ఇరవై దాటింది. ముప్పై దాటింది. టీ చల్లారిపోయింది. ముప్పై ఎనిమిది, ముప్పై తొమ్మిది. నలభై అయింది. ఆవిరి వస్తూనే ఉంది. నలభై మూడో దానికి ఆగింది.

గేటులోంచి ఇస్త్రీ అత్త బయటికొచ్చింది. "ఇక రోజూ అరవక్కర్లేదు. చక్రం ఇప్పుడు నేనే తిప్పుతున్నాను, సూపర్‌వైజరు పదికి కట్టెయ్యమన్నాడు, నా చెయ్యి విరిచి నువ్వే కట్టేసుకో అన్నాను" అంది.

"నలభై మూడైందేంటి అత్తా?" అన్నాను.

"నాకు పళ్ళు లేవు, నెమ్మదిగా చదువుతాను. నీకేమైనా తొందరా?" అంది.

నీ తమ్ముడు